ఇల్లు ఖాళీ చేస్తూ కరెంటు లెక్క తేల్చుకున్న వైనం: నా అనుభవం

2025 మే నెలాఖరులో మేము విశాఖపట్నం సీతమ్మధారలోని అద్దె ఇల్లు ఖాళీ చేసి మధురవాడకు మారాము. అద్దె, అడ్వాన్సు, వెళ్లేటప్పుడు రంగులకు మినహాయించుకునే మొత్తం వంటివన్నీ ఇంట్లో దిగిన రోజునే ఒప్పంద పత్రంలో రాసుకున్నాము కనుక వాటి గురించి మాకూ ఇంటి యజమానికీ మధ్య మాట తేడా రాలేదు. ఆ పత్రంలో కరెంటు గురించి ఉన్నది మాత్రం ఒక్క వాక్యమే: "విద్యుత్ బిల్లు అద్దెదారు చెల్లించవలెను." ఇంట్లో ఉన్నంతకాలం ఆ వాక్యం సరిపోయింది. నెల మధ్యలో ఇల్లు వదిలి వెళ్లేవారు ఏ బిల్లు కట్టాలో, ఎంతవరకు కట్టాలో, కట్టినదాంట్లో తిరిగి రావలసినది ఏమైనా ఉందో లేదో ఆ వాక్యం చెప్పదు.

మా ఇంటి యజమాని పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. వీధిలో అందరిలాగే మేమూ ఆయనను మాస్టారు అనే పిలిచేవాళ్లం. ఖాళీ చేస్తున్నామని చెప్పినప్పుడు ఆయన, "చివరి కరెంటు బిల్లు వచ్చేదాకా అడ్వాన్సులో మూడు వేలు అట్టే పెడతాను బాబూ, మిగిలింది ఇచ్చేస్తాను," అన్నారు. ఆ మూడు వేల లెక్క ఎక్కడిదని అడిగితే, ఇంతకుముందున్నవారి దగ్గర కూడా అంతే ఉంచుకున్నానని చెప్పారు. ఆయన భయంలో న్యాయం లేకపోలేదు. సర్వీసు, అంటే కరెంటు కనెక్షన్, ఇంటిగలవారి పేరున ఉంటుంది. అద్దెకున్నవారు బకాయి పెట్టి వెళితే ఫ్యూజు పీకేది ఆ ఇంటికే. పాత బకాయిలను ఆ స్థలం కొనుక్కున్న కొత్త యజమాని నుంచి సైతం, నిబంధనలు అనుమతిస్తే, వసూలు చేసుకోవచ్చని 2023 మేలో సుప్రీంకోర్టే చెప్పింది. అయితే భయానికి జవాబు ఉజ్జాయింపు మొత్తం కాదని, లెక్క అని నా ఉద్దేశం. ఆ మాటే చెప్పాను. "లెక్కే చేద్దాం, నాకేం అభ్యంతరం?" అన్నారాయన. ఆ తరువాత జరిగినదంతా ఆ లెక్కే.

ముందుగా రీడింగు. మే 25న సామాను లారీకి ఎక్కించాక, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసేశాక, ఇద్దరం మెట్ల కింద ఉన్న మీటరు దగ్గరికి వెళ్లాము. సముద్రపు ఉప్పుగాలికి ఆ మీటరు పెట్టె తలుపు ఎప్పుడో తుప్పు పట్టిపోయింది. అద్దం మసకబారి అంకెలు సగం కనిపించేవి కావు. ఎలక్ట్రానిక్ మీటరు తెర మీద అంకెలు ఒకదాని తరువాత ఒకటి మారుతూ ఉంటాయి. వాటిలో గరిష్ఠ డిమాండు ఒకటి, కేవీఏహెచ్ మరొకటి. మనకు కావలసినది కేడబ్ల్యూహెచ్ (అంటే యూనిట్లు) అని పక్కన చూపే అంకె ఒక్కటే. అది తెర మీదికి వచ్చినప్పుడు, మీటరు మీద ముద్రించిన నంబరు కూడా పడేటట్టు ఫోటో తీసి, అక్కడికక్కడే మాస్టారి ఫోనుకు పంపాను. మే 10న స్పాట్ బిల్లింగ్ అబ్బాయి కొట్టి ఇచ్చిన బిల్లులోని రీడింగును దానిలోంచి తీసివేస్తే 118 యూనిట్లు తేలాయి. విశాఖ మే నెల ఉక్కపోతలో రాత్రంతా ఏసీ వేసుకున్నవారికి పదిహేను రోజులకు అది వింతైన సంఖ్య కాదు.

అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. 118 యూనిట్లకు ధర ఎంత? దీనికి ఒకే జవాబు ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో గృహ వినియోగానికి అప్పుడు అమల్లో ఉన్న శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు రూ. 1.90, 31 నుంచి 75 వరకు రూ. 3, 76 నుంచి 125 వరకు రూ. 4.50, 126 నుంచి 225 వరకు రూ. 6, ఆపైన 400 వరకు రూ. 8.75, అది కూడా దాటితే రూ. 9.75. ఈ శ్లాబులు నెల మొత్తానికి ఒక్కసారే వర్తిస్తాయి. ఇల్లు చేతులు మారిందని మధ్యలో మళ్లీ మొదటి శ్లాబు నుంచి ఎవరూ లెక్కపెట్టరు. మేము వెళ్లిన తరువాత మే నెలాఖరు వరకు ఇంట్లో రంగులు వేసేవారు ఉన్నారు. జూన్ 1న కొత్తగా పెళ్లయిన జంట ఒకటి అద్దెకు దిగింది. జూన్ 10న వచ్చిన బిల్లులో మొత్తం 180 యూనిట్లు ఉన్నాయి. అందులో మావి 118, రంగులవారి కాలానివి 11, కొత్తవారివి 51. కొత్తవారు దిగిన రోజు రీడింగును కూడా ఫోటో తీసి ఉంచమని మాస్టారికి ముందే చెప్పినందువల్ల ఈ విభజన సాధ్యమైంది.

180 యూనిట్లకు శ్లాబుల ప్రకారం విద్యుత్ చార్జీ రూ. 747. దీన్ని పంచడానికి మూడు దారులు కనిపించాయి, మూడూ వేర్వేరు జవాబులు ఇచ్చాయి.

మాస్టారు మొదట చెప్పినది రోజుల లెక్క. 31 రోజుల బిల్లులో మేము ఉన్నది 15 రోజులు. అంటే మా వంతు రూ. 361. అద్దె పంచినట్టే కరెంటూ పంచవచ్చని ఆయన భావన. కానీ అద్దె రోజుతో నడుస్తుంది, మీటరు వాడకంతో నడుస్తుంది. కొత్తవారి దగ్గర ఏసీ కూడా లేదు. రోజుల లెక్కన చూస్తే మా ఏసీ బిల్లులో కొంత వాళ్లు కట్టినట్టవుతుంది.

రెండవది, ఎవరు ముందు వాడితే వారికి ముందు శ్లాబులు. మేము ముందున్నాము కనుక 30 యూనిట్లు రూ. 1.90 చొప్పున, 45 యూనిట్లు రూ. 3 చొప్పున, మిగతా 43 రూ. 4.50 చొప్పున లెక్కిస్తే మాకు పడేది రూ. 385.50 మాత్రమే. పైకి ఇది న్యాయంగానే కనిపిస్తుంది. నేను వాడినంతవరకు మీటరు అంతే తిరిగింది కదా అని వాదించవచ్చు. అలా వాదించే స్నేహితులు నాకున్నారు కూడా. కానీ అప్పుడు కొత్తగా వచ్చినవారి 51 యూనిట్లూ ఒక్కటి మిగలకుండా ఆరు రూపాయల శ్లాబులోకే వెళతాయి, వారికి రూ. 306 పడుతుంది. అవే 51 యూనిట్లను వారు ఒక నెల మొత్తంలో విడిగా వాడుకుని ఉంటే రూ. 120తో సరిపోయేది. చవక శ్లాబులు ఆ ఇంటికి నెలకు ఒకసారి దొరికే రాయితీ. వాటిని ముందు వచ్చినవారు మొత్తం తినేసి వెళ్లడం బంతిలో ముందు కూర్చున్నవారికే గారెలన్నీ వడ్డించినట్టు ఉంటుంది.

మూడవది సగటు ధర. మొత్తం రూ. 747ను 180తో భాగిస్తే యూనిట్‌కు రూ. 4.15. ఈ లెక్కన మాకు రూ. 489.70, రంగుల రోజులకు మాస్టారికి రూ. 45.65, కొత్తవారికి రూ. 211.65. రెండవ పద్ధతితో పోలిస్తే నాకు నూటనాలుగు రూపాయలు ఎక్కువే పడింది. అయినా దీన్నే నేను ప్రతిపాదించాను. ఈ పద్ధతిలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న ప్రశ్నే రాదు. ఎవరెన్ని యూనిట్లు వాడారన్నదొక్కటే ఉంటుంది. విద్యుత్ సుంకం ఎలాగూ యూనిట్‌కు 6 పైసలే కనుక దాన్నీ యూనిట్లను బట్టే పంచాము. కిలోవాట్‌కు పది రూపాయల స్థిర చార్జీ, వినియోగదారు చార్జీ మాత్రం వాడినా వాడకున్నా పడేవి. వాటికి రోజుల లెక్క సరైనది. మాస్టారి మాట అలా కొంతవరకు నిలబడింది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే బిల్లు కింది భాగం చదవనట్టే. మన రాష్ట్రంలో ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు అనే చార్జీ ఒకటి ఉంది. బిల్లు మీద ఎఫ్‌పీపీసీఏ అని ఉంటుంది. దాన్ని జనం ట్రూ అప్ చార్జీలనే అంటారు. అప్పట్లో నెలవారీ సర్దుబాటు యూనిట్‌కు 40 పైసల వరకు పడేది, అయితే వాడిన నెలలో కాదు, రెండు నెలల తరువాత. ఏప్రిల్ బిల్లులోని యూనిట్ల మీద పడవలసినది జూన్ బిల్లులోకి వస్తుంది. అంటే అద్దెదారు వెళ్లిపోయాక కూడా అతని వాడకం తాలూకు తోక మరి కొన్ని బిల్లుల పాటు ఆ ఇంటి మీద పడుతూనే ఉంటుంది, దాన్ని కట్టేది కొత్తగా వచ్చినవారు. మా విషయంలో ఏప్రిల్ బిల్లు 165 యూనిట్లు, మే బిల్లు 212, చివరి ముక్క 118. 40 పైసల చొప్పున వరుసగా రూ. 66, రూ. 84.80, రూ. 47.20, మొత్తం రూ. 198.

ఈ సంగతి నేనే ఎత్తినప్పుడు మాస్టారు నవ్వి, "మీరు వచ్చినప్పుడు మీ ముందువాళ్లది మీరు కట్టే ఉంటారు కదా, దానికీ దీనికీ చెల్లు," అన్నారు. ఆయన మాటలో తర్కం ఉంది. ప్రతివారూ వచ్చేటప్పుడు ముందువారిది మోసి, వెళ్లేటప్పుడు తమది వదిలితే గొలుసు ఎక్కడా తెగదు. కానీ మేము దిగింది 2023 ఆగస్టులో. అంతకుముందు ఆ పోర్షను నాలుగు నెలలు ఖాళీగా ఉంది. సర్వీసు నంబరుతో పాత బిల్లులు తీసి చూస్తే మా మొదటి రెండు బిల్లుల్లో ఆ సర్దుబాటు కింద పడింది చిల్లర పైసలే. మోసింది లేనప్పుడు వదిలి వెళ్లే హక్కు కూడా లేదని ఆ రూ. 198 మా ఖాతాలో రాయించాను.

ఏడాది లెక్కన వచ్చే సర్దుబాట్ల సంగతి వేరు. 2022-23 నాటి వాడకానికి సంబంధించినది 2024 డిసెంబరు నుంచి, 2023-24 నాటిది దాదాపు అదే కాలం నుంచి బిల్లుల్లో వసూలు చేయడం మొదలుపెట్టారు. మొదటిది పదిహేను నెలలు, రెండవది ఇరవైనాలుగు నెలలు. 2022-23లో మేము ఆ ఇంట్లో అడుగే పెట్టలేదు, అయినా డిసెంబరు నుంచి మే దాకా కడుతూ వచ్చాము. 2023-24లో ఎక్కువ భాగం మేమే ఉన్నాము, కానీ ఆ ఇరవైనాలుగు నెలల వసూలులో చాలావరకు మా తరువాత వచ్చినవారి మీద పడుతుంది. అద్దె ఇళ్లవారి విషయంలో ఈ వసూలు పద్ధతి సరైనది కాదని నా అభిప్రాయం. భారం వాడినవారిని వెతుక్కుంటూ వెళ్లదు, మీటరును పట్టుకుని ఉంటుంది. ఇది మేమిద్దరం కూర్చుని సరిచేయగలిగేది కాదు కనుక మాది కానిదాన్ని మేము కట్టినదానికీ, మాదైనదాన్ని మేము కట్టకుండా వెళ్తున్నదానికీ చెల్లు వేసుకున్నాము. కొత్తవారికి ఈ విషయం ముందుగా చెప్పమని మాత్రం మాస్టారిని కోరాను. చెప్పానని తరువాత అన్నారు.

కాస్త గట్టిగా మాట్లాడవలసి వచ్చింది అదనపు డిపాజిట్ దగ్గర. విద్యుత్ సంస్థ వినియోగదారుడి దగ్గర రెండు నెలల బిల్లుకు సరిపడే సెక్యూరిటీ డిపాజిట్ ఉంచుకుంటుంది. వాడకం పెరిగితే ఏటా సమీక్షించి, తక్కువైన మొత్తాన్ని ఏసీడీ పేరుతో అడుగుతుంది. మేము ఏసీ బిగించిన మరుసటి సంవత్సరం మా ఇంటికి రూ. 640 అలా వచ్చింది. అప్పుడు మాస్టారు ఊళ్లో లేరు. గడువు దాటకుండా మేమే కట్టేశాము. ఇప్పుడు దాన్ని తిరిగి అడిగితే ఆయన, "అది బిల్లే కదా బాబూ, బిల్లు మీరు కట్టాలనే కదా రాసుకున్నాం? పైగా వాడకం పెరిగింది మీ ఏసీ వల్ల," అన్నారు.

బిల్లు అంటే వాడి ఖర్చుపెట్టినదానికి ధర. డిపాజిట్ అలా కాదు. అది సర్వీసు ఎవరి పేరున ఉందో వారి సొమ్ముగా సంస్థ దగ్గర నిలిచి ఉంటుంది. 2003 నాటి విద్యుత్ చట్టం 47వ సెక్షన్ ప్రకారం దాని మీద బ్యాంకు రేటుకు తగ్గకుండా వడ్డీ ఇవ్వాలి, సర్వీసు రద్దు చేసుకుంటే అసలు తిరిగి ఇవ్వాలి. ఏడాదికొకసారి ఆ వడ్డీని బిల్లులోనే తగ్గిస్తారు. మేము ఉన్న కాలంలో ఆ తగ్గింపు ఫలం మాకే దక్కింది కనుక వడ్డీ అడగలేదు, అసలు మాత్రమే అడిగాను. మా ఏసీ వల్ల పెరిగిందన్న మాట నిజమే. అయినా మా ఏసీ మాతో వెళ్లిపోయింది, రూ. 640 ఆయన సర్వీసులో ఉండిపోయింది. మాస్టారికి నా మాట మీద నమ్మకం కుదరక, తనకు తెలిసిన విద్యుత్ సంస్థ సెక్షన్ ఆఫీసుకు ఫోను చేసి అడిగారు. అవతలివారు కూడా ఆ మొత్తం సర్వీసుదారు ఖాతాలోనే ఉంటుందని చెప్పారట. ఆ సర్వీసు ఇప్పటికీ ఏనాడో కాలం చేసిన వారి నాన్నగారి పేరునే ఉంది. "అయితే ఆ డబ్బు మా నాన్నగారిని అడగాలి మీరు," అని ఆయనే నవ్వేసి ఒప్పుకున్నారు. పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టించే పని ఆ నవ్వులోనే మొదలైందని తరువాత తెలిసింది.

నాకు రావలసినది చాలా ఉందనుకుని లెక్కకు దిగి, ఏమీ లేదని తేలినది ఒకటుంది, అది మోటారు. మూడు పోర్షన్లకూ నీళ్లెక్కించే బోరు మోటారు మా మీటరుకే కలిపి ఉంది. అందుకని మొదటి నుంచీ మాస్టారు అద్దెలో వంద తగ్గించి తీసుకునేవారు. ఆ వంద చాలదని మా ఆవిడకు ఎప్పటి నుంచో అనుమానం. ఒక ఉదయం ఇంట్లో అన్ని స్విచ్చులూ కట్టేసి, మోటారు ఒక్కటే నడిపించి మీటరు మీది ఎర్ర దీపాన్ని చూశాను. మా మీటరు మీద యూనిట్‌కు 3200 మెరుపులు అని ముద్రించి ఉంది. నిమిషానికి 56 మెరుపులు వచ్చాయి. గంటకు 3360, అంటే గంటకు ఒక యూనిట్ పైన కొద్దిగా. ఒక హార్స్‌పవర్ మోటారుకు అది సహజమే. రోజుకు నలభై నిమిషాల లెక్కన నెలకు 21 యూనిట్లు, అందులో మూడింట రెండు వంతులు, అంటే 14 యూనిట్లు, మిగతా రెండు పోర్షన్లవి. వాటన్నిటినీ ఆరు రూపాయల శ్లాబులోనే వేసినా రూ. 84. పైన సుంకం, సర్దుబాటు కలిపినా తొంభై దాటి కాస్త. మాస్టారు ఇస్తున్న వంద న్యాయంగానే ఉందని మా ఆవిడకు ఆ కాగితం చూపించాను. ఆవిడ, "నలభై నిమిషాలేనా నడిచేది?" అని ఇంకో ప్రశ్న వేసింది, నేను ఆ చర్చ పొడిగించలేదు.

గ్యాస్ కనెక్షన్ మా సొంతం కనుక అది మాతోనే వచ్చింది; కొత్త ప్రాంతపు డిస్ట్రిబ్యూటర్‌కు మార్పించుకోవడం తప్ప పని లేదు. బుకింగ్ ఆలస్యమైన ఒక నెలలో పిన్నిగారి దగ్గర నిండు సిలిండరు అరువు తెచ్చుకున్నాము. అది ఇంకా ఖాళీ కాలేదు. సంచులు తూచే చిన్న కొక్కెపు త్రాసుకు తగిలించి తూస్తే 21.3 కిలోలు వచ్చింది. సిలిండరు మెడ దగ్గర ఖాళీ బరువు 15.7 అని ఉంది. మిగిలిన గ్యాస్ 5.6 కిలోలు, వాడుకున్నది 8.6, నిండుగా ఉండేది 14.2 కనుక రసీదు ధరలో అరవై శాతం పిన్నిగారి చేతికి ఇచ్చేశాము. దానికి వాదన అవసరం పడలేదు.

జూన్ బిల్లు వచ్చిన సాయంత్రం మాస్టారు దాని ఫోటో పంపారు. మేము ముందే రాసుకున్న కాగితంలో ఖాళీలు నింపడమే మిగిలింది. మా వంతు విద్యుత్ చార్జీ రూ. 489.70, సుంకం రూ. 7.08, స్థిర చార్జీల్లో పదిహేను రోజుల భాగం, సర్దుబాటు తోక రూ. 198, ఇందులోంచి మాకు రావలసిన రూ. 640 తీసివేస్తే మేమే ఆయనకు వంద లోపు బాకీ ఉన్నాము. అట్టే పెట్టిన మూడు వేలలోంచి ఆ చిల్లర తగ్గించుకుని మిగతాది ఆ రాత్రే ఫోన్‌పేలో పంపించారు. జూన్ బిల్లు మొత్తం ఆయన కట్టి, కొత్తవారి దగ్గర వారి వంతు మాత్రం తీసుకున్నారు. మా పాత యూనిట్ల మీద రాబోయే 40 పైసల సర్దుబాటును జూన్, జూలై, ఆగస్టు బిల్లుల్లో కొత్తవారికి తగ్గించి ఇవ్వాలని కాగితం కింద రాసి, ఇద్దరం సంతకాలు చేశాము.

మధురవాడ ఇంటి ఒప్పందంలో కరెంటుకు ఇప్పుడు మూడు వాక్యాలు ఉన్నాయి: దిగిన రోజు రీడింగు, ఏసీడీ వస్తే యజమాని భరించడం, నెల మధ్యలో ఖాళీ చేస్తే సగటు ధరన యూనిట్ల లెక్క. నాలుగవది, అంటే పాత అద్దెదారు సర్దుబాటు తోక ఎవరిదన్నది, ఇక్కడి ఇంటిగలావిడ ఇంకా ఒప్పుకోలేదు. ముందు మూడు బిల్లులు చూపించమని అడిగాను, వెతికి ఇస్తానన్నారు.